రీక్కా సల్లినెన్ కెరీర్: 1998 నగానో నుంచి 2019 ఎస్పో దాకా (చర్చ)

శ్రీకర్_రింక్

అందరికీ నమస్కారం. మన వింటర్ స్పోర్ట్స్ విభాగంలో మగవాళ్ల ఐస్ హాకీ మీద బోలెడు థ్రెడ్లు ఉన్నాయి, ఆడవాళ్ల ఆట మీద ఒక్కటీ లేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నాను. నాకు బాగా ఇష్టమైన ప్లేయర్ రీక్కా సల్లినెన్. ఫిన్లాండ్, ఫార్వర్డ్, 1973 జూన్ 12న యువాస్కులాలో పుట్టింది.

ఆమె పేరు కొడితే మొదట వచ్చేది వయసు. 2018లో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినప్పుడు ఆమెకు 44 ఏళ్లు. అంతవరకు ఐస్ హాకీలో అతి పెద్ద వయసులో ఒలింపిక్ పతకం గెలిచిన రికార్డు ఆమె దేశస్తుడే అయిన తేము సెలాన్నెది, 2014 సోచిలో 43 ఏళ్లకి. దాన్ని ఆమె దాటేసింది. ఇది గొప్ప విషయమే. కానీ ఏ వ్యాసం చూసినా అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంది. 44 ఏళ్లు, ముగ్గురు పిల్లల తల్లి, పతకం, అంతే. అసలు ఆమె ఎలాంటి ప్లేయరో ఎవరూ చెప్పరు.

నేను చెప్పదలుచుకున్నది ఇది. 1998 నగానోలో ఆడవాళ్ల ఐస్ హాకీ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించింది కెనడా ప్లేయరూ కాదు, అమెరికా ప్లేయరూ కాదు. 24 ఏళ్ల రీక్కా. 6 మ్యాచ్‌ల్లో 7 గోల్స్, 5 అసిస్టులు, మొత్తం 12 పాయింట్లు. స్వర్ణం అమెరికాది, రజతం కెనడాది. ఆ రెండు జట్లలో ఒక్కరూ ఆమె దాకా రాలేదు. 2018లో ఆమె అసలు ఆడకపోయినా ఈ ఒక్క టోర్నీ చాలు ఆమెను చరిత్రలో నిలబెట్టడానికి.

ఆమె ఆట చూసినవాళ్లు, చదివినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి.

---

పద్మజ_కె

శ్రీకర్ గారూ, నేను ఐస్ హాకీకి కొత్త. పాయింట్లు అంటే గోల్ కొట్టినా, అసిస్ట్ ఇచ్చినా ఒక్కొక్కటేనా? ఇంకో సందేహం. 1998 స్కోర్ల పట్టికలో సల్లినెన్ అనే పేరే కనబడలేదు నాకు. వేరే పేరుతో ఉందా?

---

శ్రీకర్_రింక్

అవునండీ, గోల్‌కి ఒకటి, అసిస్ట్‌కి ఒకటి. ఒక గోల్‌కి ఇద్దరి దాకా అసిస్ట్ ఇవ్వొచ్చు. గోల్ కొట్టిన ప్లేయర్‌కి పక్ (ఆటలో వాడే రబ్బరు బిళ్ల) అందించినవాళ్లకీ, అంతకుముందు వాళ్లకి అందించినవాళ్లకీ.

పేరు సంగతి మంచి ప్రశ్న. 1998లో ఆమె రీక్కా నియెమినెన్. అది పుట్టింటి పేరు. తర్వాత వాలిలా అయింది. 2018లో జెర్సీ మీద ఉన్నది వాలిలా. 2019 ప్రపంచ ఛాంపియన్‌షిప్ నాటికి సల్లినెన్. మూడు పేర్లూ ఒకే మనిషివి. 1998 లెక్కలు చూడాలంటే నియెమినెన్ అని వెతకండి.

ఆమెకు తగినంత గుర్తింపు రాకపోవడానికి ఇదీ ఒక కారణం అని నా అభిప్రాయం. నగానో టాప్ స్కోరర్ నియెమినెన్, ప్యాంగ్‌చాంగ్‌లో ఆడిన వాలిలా, చివరికి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లిన సల్లినెన్. కొత్తగా చదివేవాళ్లకి ముగ్గురు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు.

---

పద్మజ_కె

ఇప్పుడు దొరికింది. నియెమినెన్ పేరుతో ఇంకో ప్లేయర్ కూడా కనబడుతోంది, పెట్రా అని. చెల్లెలా?

---

ఎస్పో_సురేష్

పద్మజ గారూ, నియెమినెన్ అనేది ఫిన్లాండ్‌లో బాగా ఎక్కువగా కనిపించే ఇంటిపేర్లలో ఒకటి. మా ఆఫీసులోనే ఆ పేరువాళ్లు చాలామంది ఉన్నారు. పేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలు అనుకోలేం. పెట్రా పుట్టింది 1999 మేలో. అంటే రీక్కా నగానోలో కాంస్యం గెలిచినప్పటికి పెట్రా ఇంకా పుట్టలేదు. 2018లో ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. రష్యా క్రీడాకారిణుల జట్టు మీద 3-2తో గెలిచిన ఆ కాంస్య పోరులో ఒక గోల్ పెట్రాది. మిగతా రెండు సుసన్నా తపని, లిండా వాలిమాకి కొట్టారు.

రీక్కా మొదటి ఒలింపిక్ పతకానికీ రెండో దానికీ మధ్య 20 ఏళ్లు. ఆ మధ్యలో పుట్టిన పిల్ల పెద్దదై, ఆమె పక్కన నిలబడి పతకం వేయించుకుంది.

---

విశాఖ_వాసు

థ్రెడ్ బాగుంది. కానీ ఒక మాట సూటిగా అంటాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఆడవాళ్ల ఐస్ హాకీలో బాడీ చెకింగ్ లేదు. మగవాళ్ల ఆటలో ఒంటిని ఒంటికి గుద్ది పక్ లాక్కుంటారు, ఆ దెబ్బలకే చాలామంది 35కి ఆట మానేస్తారు. అది లేకపోతే 44 ఏళ్ల దాకా ఆడటం మరీ అంత అసాధ్యమా? సెలాన్నెతో పోల్చడం సరైనదేనా?

---

శ్రీకర్_రింక్

వాసు గారూ, ప్రశ్న న్యాయమైనదే, కానీ రెండు విషయాలు చూడాలి.

మొదటిది, చెకింగ్ లేదు అంటే తాకిడే లేదని కాదు. రింక్ చుట్టూ ఉండే గోడల (బోర్డుల) దగ్గర పక్ కోసం తోపులాట ఉంటుంది, గోల్ ముందు చోటు కోసం కుమ్ములాట ఉంటుంది. 1990లో ఒట్టావాలో జరిగిన మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అయితే చెకింగ్‌ని అనుమతించారు, తర్వాతే తీసేశారు. స్వీడన్ లీగ్‌లో 2022 నుంచి మళ్లీ అనుమతిస్తున్నారు.

రెండోది, వయసు మీదపడితే ముందు పోయేది దెబ్బలు ఓర్చుకునే శక్తి కాదు, వేగం. ఐస్ హాకీలో ఒక్కో షిఫ్ట్ 40, 50 సెకన్లే. ఆ కొద్దిసేపూ ఒంట్లో ఉన్న శక్తినంతా పెట్టి పరుగు తీసి, బెంచికి వచ్చి, రెండు నిమిషాలు కూడా కాకముందే మళ్లీ దిగాలి. 60 నిమిషాల మ్యాచ్‌లో ఇలా ఎన్నోసార్లు. 20 ఏళ్ల అమ్మాయిలతో ఈ పని చేయడానికి 44 ఏళ్ల శరీరం ఎంత కష్టపడుతుందో ఆలోచించండి. పైగా సెలాన్నె మధ్యలో ఆపకుండా, జీతం తీసుకుంటూ, ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని మగవాళ్ల ప్రొఫెషనల్ లీగ్) డాక్టర్లు, ట్రైనర్లు చూసుకుంటుండగా ఆడిన మనిషి. రీక్కా పదేళ్ల పైన ఆటకే దూరంగా ఉండి తిరిగొచ్చింది.

---

విశాఖ_వాసు

పదేళ్ల గ్యాప్ సంగతి నాకు తెలియదు. వివరంగా రాస్తారా? అది నిజమైతే నా ప్రశ్నే వేరేగా ఉండేది.

---

కల్పన_ఆర్

ఆ గ్యాప్ గురించి నేను రాస్తాను. ఈ కెరీర్‌లో నన్ను పట్టుకున్నది అదే.

2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్ కాంస్య పోరులో స్వీడన్ చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత రీక్కా ఆట మానేసింది. అప్పటికి ఆమెకు 30 కూడా నిండలేదు. ఏ మగ ఆటగాడికైనా అది కెరీర్ మధ్య భాగం. పిల్లలు పుట్టారు, స్వీడన్‌లో ఇల్లు పెట్టుకున్నారు. 2010లో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ఆమెను తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది. ఆ గౌరవం దక్కిన మొదటి యూరప్ క్రీడాకారిణి ఆమే. 2008లో మొదటిసారి ఆడవాళ్లని చేర్చుకున్నప్పుడు ముగ్గురూ ఉత్తర అమెరికావాళ్లు: క్యామీ గ్రనాటో, జెరాల్డిన్ హీనీ, ఏంజెలా జేమ్స్.

మామూలుగా హాల్ ఆఫ్ ఫేమ్ అంటే కథ అయిపోయినట్టు. సన్మానం, ఫోటో, అప్పుడప్పుడు టీవీలో ఇంటర్వ్యూ. ఈమె మూడేళ్ల తర్వాత, 2013లో, సొంత ఊరు యువాస్కులా జట్టు జేవైపీతో మళ్లీ ఆడటం మొదలుపెట్టింది. కొద్ది నెలల్లోనే జాతీయ జట్టుకి ఎంపికై 2014 సోచి ఒలింపిక్స్‌కి వెళ్లింది. అప్పటికి 40 ఏళ్లు.

సోచిలో పతకం రాలేదు. క్వార్టర్ ఫైనల్లో మళ్లీ స్వీడన్ చేతిలోనే ఓడి ఐదో స్థానంతో సరిపెట్టుకున్నారు. అక్కడితో ఆపేసి ఉంటే "సరదాకి ఒకసారి తిరిగొచ్చింది" అనేవాళ్లు. ఆమె ఆపలేదు. 2015లో మాల్మోలో ప్రపంచ కాంస్యం, 2017లో ప్లిమత్‌లో మళ్లీ కాంస్యం, 2018లో ఒలింపిక్ కాంస్యం, 2019లో ప్రపంచ రజతం. రెండో ఇన్నింగ్స్ మొత్తం ఆరేళ్లు. చాలామందికి మొదటి ఇన్నింగ్సే అంత ఉండదు.

అయితే శ్రీకర్ గారితో ఒక చోట విభేదిస్తాను. వయసు గురించి మాట్లాడటం ఆమె ఆటను తగ్గించడం కాదు. ఆ పదేళ్లు ఎందుకు పోయాయో అడగాలంటే వయసు గురించి మాట్లాడాల్సిందే. 29 నుంచి 40 దాకా ఏ ఫార్వర్డ్‌కైనా అనుభవమూ బలమూ కలిసి ఉండే కాలం. ఆ కాలంలో 2006 టొరినో, 2010 వాంకోవర్ ఒలింపిక్స్ వచ్చి వెళ్లిపోయాయి. వాంకోవర్‌లో ఫిన్లాండ్‌కి కాంస్యం వచ్చింది, ఆమె లేకుండానే. ఆ రెండింటిలో ఆమె కూడా ఉంటే లెక్క ఎక్కడిదాకా వెళ్లేదో.

---

శ్రీకర్_రింక్

> వయసు గురించి మాట్లాడటం ఆమె ఆటను తగ్గించడం కాదు

కల్పన గారూ, మీరు చెప్పిన కోణంలో అయితే నాకూ అభ్యంతరం లేదు. నా బాధ వేరు. వయసుని వింతగా చూపించేవాళ్లు ఆ పదేళ్లు ఎందుకు పోయాయని అడగరు. 1994 గురించి కూడా అడగరు. లేక్ ప్లాసిడ్‌లో జరిగిన ఆ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఉత్తమ ఫార్వర్డ్ అవార్డు ఆమెదే. అప్పటికి 20 ఏళ్ల పిల్ల. కెనడా, అమెరికా ఫైనల్ ఆడిన టోర్నీలో మూడో స్థానం జట్టు నుంచి ఉత్తమ ఫార్వర్డ్ వచ్చిందంటే ఆమె స్థాయి ఏమిటో అర్థమవుతుంది.

ఆ రోజుల్లో ఫిన్లాండ్ యూరప్‌లో తిరుగులేని జట్టు. 1989, 1991, 1993, 1995 యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లు నాలుగూ వాళ్లే గెలిచారు. 1990 నుంచి 2000 దాకా జరిగిన ఆరు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలోనూ కాంస్యం వాళ్లదే. నగానోలో చైనా మీద 4-1తో గెలిచి కాంస్యం. అదే టోర్నీలో అమెరికాతో 4-2, కెనడాతో కూడా 4-2 తేడాతో ఓడారు. మిగతా దేశాల మీద ఆ రెండు జట్లూ గోల్స్ కుమ్మరించే కాలం అది. రెండు గోల్స్ తేడాలో నిలబడటం చిన్న సంగతి కాదు.

---

గోలీ_గోపి

నా వంతుగా ఒక చిన్న ముక్క. ఆమె పెసాపల్లో కూడా ఆడింది. అది ఫిన్లాండ్ జాతీయ క్రీడ, బేస్‌బాల్ లాంటిది. అయితే బంతిని ఎదురుగా విసరరు, బ్యాటర్ పక్కనే నిలబడి నిట్టనిలువుగా పైకి ఎగరేస్తారు. ఎండాకాలం అది, చలికాలం హాకీ. ఇలా రెండు ఆటల మధ్య పెరిగిన పిల్లలకి చేతికీ కంటికీ సమన్వయం బాగా వస్తుందంటారు. గాల్లో వచ్చే పక్‌ని కర్రతో దించుకోవడంలో అది పనికొచ్చి ఉంటుందని నా ఊహ.

---

ఎస్పో_సురేష్

2019 గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నేను ఉద్యోగం కోసం ఎస్పో వచ్చినవాణ్ని, హెల్సింకి పక్కనే ఉంటుంది. ఆ ఏడు ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. ఫైనల్ రోజు నేను స్టాండ్స్‌లో ఉన్నాను.

నేపథ్యం కొంచెం చెప్పాలి. 1990 నుంచి అప్పటిదాకా జరిగిన ప్రతి ప్రపంచ ఫైనల్ అమెరికాకీ కెనడాకీ మధ్యే. ఒక్కసారీ తప్పలేదు. 2017లో ఫిన్లాండ్ లీగ్ దశలో కెనడాని 4-3తో ఓడించినప్పుడే పెద్ద వార్త, ఎందుకంటే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అది వాళ్లకి కెనడా మీద మొదటి గెలుపు. 2019 సెమీఫైనల్లో మళ్లీ కెనడా. 4-2. కెనడా లేని ఫైనల్ చరిత్రలో అదే మొదటిది. యూరప్ జట్టు ఉన్న ఫైనల్ కూడా అదే మొదటిది.

మర్నాడు, ఏప్రిల్ 14 ఆదివారం, అమెరికాతో ఫైనల్. హాలు కిక్కిరిసిపోయింది. అమెరికా తరఫున కెల్లీ ప్యానెక్, ఫిన్లాండ్ తరఫున సుసన్నా తపని గోల్ కొట్టారు. 1-1. గోలీ (గోల్‌కీపర్) నోరా ర్యాటీ ఆ రోజు ఆడిన ఆట గురించి వేరే థ్రెడ్ పెట్టుకోవచ్చు. అమెరికా షాట్ మీద షాట్ కొడుతూనే ఉంది, ఆమె ఆపుతూనే ఉంది.

ఓవర్‌టైమ్‌లో కెప్టెన్ యెన్ని హీరికోస్కి నెట్ మీదికి దూసుకెళ్లింది. అమెరికా గోలీ అలెక్స్ రిగ్స్‌బీ ముందుకు వచ్చింది, ఇద్దరూ ఢీకొన్నారు. పక్ పెట్రా నియెమినెన్ కర్రకి దొరికింది, కొట్టింది, లోపల పడింది. హాలు బద్దలైంది. ఫిన్లాండ్ అమ్మాయిలు గ్లౌజులు, కర్రలు, హెల్మెట్లు విసిరేసి ఒకరి మీద ఒకరు పడిపోయారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఏడుస్తున్నాడు. ప్రపంచ ఛాంపియన్లం అయిపోయాం అనుకున్నారు అందరూ.

తర్వాత వీడియో రివ్యూ. నిమిషాలు గడుస్తున్నాయి. హాల్లో చప్పట్లు, కేకలు, మళ్లీ నిశ్శబ్దం. చివరికి గోల్ చెల్లదన్నారు. గోలీని అడ్డుకున్నారని. అదే సంఘటనలో రిగ్స్‌బీకి ట్రిప్పింగ్ పెనాల్టీ కూడా ఇచ్చారు. అంటే గోలీ హీరికోస్కిని పడేసిందనీ అన్నారు, గోల్ చెల్లదనీ అన్నారు. ఇక్కడివాళ్లకి ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇదే. తప్పు చేసింది గోలీ అయితే గోల్ ఎందుకు రద్దు చేశారు?

ఆ పెనాల్టీ వల్ల అమెరికా ఒకరు తక్కువతో ఆడిన ఆ పవర్ ప్లేలో గోల్ రాలేదు. షూటౌట్‌లో అమెరికా గెలిచింది, 2-1.

రీక్కా అప్పటికి 45 ఏళ్లు. జాతీయ జట్టుకి అదే ఆమె చివరి మ్యాచ్. ఆ వేసవిలో ఆటకి వీడ్కోలు చెప్పింది. మొత్తం కెరీర్‌లో ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ కలిపి చూస్తే అన్నీ కాంస్యాలు, ఒక్క రజతం. ఆ ఒక్క గోల్ నిలబడి ఉంటే అది స్వర్ణం అయ్యేది.

---

విశాఖ_వాసు

సురేష్ గారూ, చదువుతుంటే టెన్షన్ వచ్చింది. ఆ వీడియో వెతికి ఇప్పుడే చూశాను. నాకైతే గోల్ ఇవ్వాల్సిందే అనిపించింది. గోలీ తన క్రీజ్ (గోల్ ముందు నీలం రంగు వేసిన చోటు) దాటి బయటికి వచ్చింది కదా.

---

గోలీ_గోపి

నేను గోలీల పక్షం, అందుకే నా మాట వేరు. క్రీజ్ బయట ఉన్నంత మాత్రాన గోలీని గుద్దే హక్కు ఎవరికీ రాదు, రూల్‌బుక్ ఆమెకు అక్కడ కూడా రక్షణ ఇస్తుంది. హీరికోస్కి వేగం తగ్గించుకోలేదు. నిర్ణయం కఠినమే, కానీ పూర్తిగా నిరాధారం అనను. నన్ను నిజంగా బాధపెట్టేది పెనాల్టీ. రెండు నిర్ణయాలూ కలిపి చూస్తే అతకవు. ఏదో ఒకటే సరైనది కావాలి.

---

ఎస్పో_సురేష్

గోపి గారూ, మీతో ఒప్పుకోను, కానీ మీ చివరి వాక్యం ఇక్కడ ఏ ఫిన్ అయినా ఒప్పుకుంటాడు.

---

కల్పన_ఆర్

2019 ఫైనల్ గొడవలో పడి అసలు ప్రశ్న వదిలేయొద్దు. ఆమె ఎందుకు మానేసింది, ఎలా తిరిగి రాగలిగింది?

ఆమె వ్యక్తిగత కారణాల జోలికి నేను వెళ్లను. అది ఆమె జీవితం. కానీ చుట్టూ ఉన్న పరిస్థితి మనకి తెలుసు. 2000ల మొదట్లో ఫిన్లాండ్ మహిళల లీగ్‌లో ఆడేవాళ్లకి జీతం లేదు. పగలు చదువో ఉద్యోగమో, రాత్రి ప్రాక్టీసు. ఐస్ టైమ్ కూడా ముందు మగవాళ్ల జట్లకి, కుర్రాళ్ల జట్లకి ఇచ్చాక మిగిలినదే. ఒలింపిక్ టాప్ స్కోరర్ అయినా ఆటతో ఇల్లు గడవదు. అలాంటప్పుడు 30 దగ్గరపడుతున్న ఆడపిల్ల ముందు ఉండేవి రెండే దారులు. ఆట, లేదా మిగతా జీవితం.

ఇది ఒక్క తరం సమస్య కాదు. నోరా ర్యాటీనే చూడండి. మిన్నెసోటా యూనివర్సిటీ తరఫున 2012, 2013లో వరుసగా రెండు జాతీయ టైటిళ్లు గెలిచింది. రెండో ఏడు వాళ్లు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, 41కి 41. ప్రపంచంలోని గొప్ప గోలీల్లో ఒకరు. 2014 సోచి తర్వాత ఆమె ఏం చేసింది? ఆడవాళ్లకి జీతమిచ్చే లీగ్ లేదని మగవాళ్ల హాకీ వైపు వెళ్లింది, ఫిన్లాండ్ మగవాళ్ల రెండో డివిజన్ మెస్టిస్‌లో ఆడింది. అంతటి ప్లేయర్‌కే అదీ పరిస్థితి.

మారింది ఏమిటంటే స్వీడన్. 2016 నుంచి అక్కడి లీగ్ ఎస్‌డీహెచ్‌ఎల్ పేరుతో బలపడింది, ఫిన్లాండ్ ప్లేయర్లు చాలామంది అక్కడికి చేరారు. హీరికోస్కి, మిషెల్ కర్వినెన్ లూలియోకి వెళ్లారు. రీక్కా యోన్‌షోపింగ్‌లోని హెచ్‌వీ71కి ఆడింది. ఆమె కుటుంబం ఉండేది స్వీడన్‌లోనే. మంచి లీగ్ ఇంటికి అందుబాటులోకి వచ్చింది కాబట్టే 43, 44 ఏళ్లకి ఒలింపిక్ స్థాయి ఆట నిలబెట్టుకోగలిగిందని నేను నమ్ముతాను. 2003లో అలాంటి ఏర్పాటు ఉంటే ఆమె ఆగి ఉండేది కాదేమో.

స్వీడన్‌లో అంతా బాగుందనీ కాదు. 2019 ఆగస్టులో స్వీడన్ జాతీయ జట్టు అమ్మాయిలే తమ సమాఖ్య చూసుకునే తీరు నచ్చక క్యాంపు బహిష్కరించారు. 2017లో అమెరికా అమ్మాయిలు కూడా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి ముందు ఆడబోమని పట్టుబట్టి మెరుగైన ఒప్పందం సాధించారు. ఇదంతా రీక్కా రెండో ఇన్నింగ్స్ నడుస్తున్న కాలంలోనే జరిగింది.

---

పద్మజ_కె

కల్పన గారూ, ఇది చదువుతుంటే మన సానియా మీర్జా గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో బాబు పుట్టాక 2020 జనవరిలో హోబార్ట్‌లో డబుల్స్ గెలిచింది. హైదరాబాద్‌లో మా ఇంట్లో ఆ రోజు టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు. అది రెండేళ్ల పైచిలుకు విరామం. ఈమె పదేళ్ల పైన ఆగి, అదీ ఒక్కరే ఆడే ఆట కాదు, ఒక జట్టులో మళ్లీ చోటు సంపాదించుకోవాల్సిన ఆటలో తిరిగొచ్చింది. నాకు అదే అర్థం కావట్లేదు. కొత్త అమ్మాయిలు, కొత్త కోచ్, కొత్త పద్ధతి. ఎలా ఇమిడింది?

---

శ్రీకర్_రింక్

పద్మజ గారూ, నాకు తెలిసినంతలో చెబుతాను. రెండో ఇన్నింగ్స్‌లో ఆమె జట్టు భారం మోసే స్కోరర్ కాదు. ఆ బాధ్యత హీరికోస్కి, కర్వినెన్, ర్యాటీ తరానిది. ఆమె పాత్ర మారింది. మొదటి ఇన్నింగ్స్‌లో జట్టు ఆమె చుట్టూ తిరిగింది, రెండో దాంట్లో ఆమె జట్టులో ఒకరిగా ఆడింది. నా దృష్టిలో ఇది మొదటిదానికంటే కష్టం. ఒకప్పుడు ప్రపంచంలోనే బెస్ట్ అనిపించుకున్న మనిషి తక్కువ షిఫ్టులకి, తెరవెనక పనికి ఒప్పుకోవాలి.

ఆమె పాత వీడియోలు చూస్తే ఒక సంగతి కనబడుతుంది. ఆమె ఆట ఒక్క వేగం మీదే ఆధారపడలేదు. పక్ ఎక్కడికి వస్తుందో ముందే పసిగట్టి అక్కడికి చేరేది. డిఫెన్స్ తన వైపు కదిలేదాకా పక్ వదలకుండా ఆగి, ఖాళీ అయిన చోటికి పాస్ ఇచ్చేది. నగానోలో 5 అసిస్టులు ఊరికే రాలేదు. వయసుతో వేగం పోయినా ఈ తెలివి ఎక్కడికీ పోదు. 44 ఏళ్లకి ఎలా ఆడగలిగింది అంటే, 24 ఏళ్లకే అలాంటి ఆట ఆడింది కాబట్టి. అందుకే మొదటి పోస్టులో అంత గట్టిగా రాశాను. ఆమె వయసు రికార్డుకి కారణం ఆమె ఆటలోనే ఉంది.

---

విశాఖ_వాసు

ఈ చివరి పేరా బాగా నచ్చింది శ్రీకర్ గారూ. చెకింగ్ గురించి నా వాదన కన్నా మీ కారణం బలంగా ఉంది.

టొరంటోలోని పెద్ద హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూడా ఉందా ఆమె? కల్పన గారు చెప్పింది సమాఖ్య హాల్ గురించి కదా.

---

గోలీ_గోపి

ఉంది. 2022 బృందం. అదే ఏడు డేనియల్ అల్ఫ్రెడ్‌సన్, సెడిన్ కవలలు హెన్రిక్, డేనియల్, గోలీ రొబెర్టో లువోంగో చేరారు. అంటే ముగ్గురు స్వీడిష్ మగవాళ్ల పక్కన ఒక ఫిన్లాండ్ మహిళ. అక్కడ మొదటిసారి ఆడవాళ్లని తీసుకున్నది 2010లో, గ్రనాటో, జేమ్స్. అప్పటి నుంచి 2020లో గోలీ కిమ్ సెయింట్ పియెర్ దాకా చేరిన ఆడవాళ్లందరూ కెనడా, అమెరికా వాళ్లే. ఆ గోడ దాటిన మొదటి యూరప్ మహిళ రీక్కా. లువోంగో నా అభిమాన గోలీ కాబట్టి ఆ కార్యక్రమం మొత్తం చూశాను.

---

ఎస్పో_సురేష్

ఇక్కడ ఫిన్లాండ్ మహిళల లీగ్‌లో ఏటా ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చే అవార్డు రీక్కా నియెమినెన్ పేరు మీదే ఉంది. అంటే ఆమె తిరిగొచ్చి ఆడిన లీగ్‌లో ఆమె పుట్టింటి పేరుతో అవార్డు. ఆ లీగ్ పేరు ఇప్పుడు ఔరోరాలీగా.

మా అమ్మాయి వాళ్ల స్కూల్లో చలికాలం వస్తే పిల్లలందరినీ స్కేటింగ్‌కి తీసుకెళ్తారు. స్కేట్లు ఇంటినుంచే పట్టుకెళ్లాలి. ఆడపిల్లల హాకీ జట్లలో భారతీయ పిల్లలు కూడా అక్కడక్కడా కనబడుతున్నారు. రీక్కా చిన్నప్పుడు అయితే అమ్మాయిలకి వేరే జట్లు దొరకడమే కష్టం.

---

లదాఖ్_ట్రెక్కర్

ఆలస్యంగా వచ్చాను. మన దేశం వైపు నుంచి ఒక్క సంగతి. 2025లో అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో మన భారత జట్టు కాంస్యం గెలిచింది, మనవాళ్లకి అదే మొదటి పతకం. జట్టులో ఎక్కువమంది లదాఖ్ అమ్మాయిలు. గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకున్నవాళ్లు. 2018లో కెనడా దిగ్గజం హేలీ వికెన్‌హైజర్ లేహ్ వచ్చి వాళ్లతో ఆడి, పరికరాలు ఇచ్చి వెళ్లింది. కల్పన గారు రాసిన జీతం, ఐస్ టైమ్ సమస్యలు ఇక్కడ ఇంకా ఎక్కువ. చెరువు గడ్డకట్టి ఉండే ఆ రెండు నెలలే చాలామందికి సీజన్.

---

కల్పన_ఆర్

మంచి సమాచారం. దీని మీద విడిగా ఒక థ్రెడ్ పెట్టండి దయచేసి, ఇక్కడ కలిసిపోతే ఎవరికీ కనబడదు.

శ్రీకర్ గారూ, చివరిగా ఒక ప్రశ్న. మీరు ఆమెను అన్ని కాలాల్లో ఏ స్థానంలో పెడతారు? వికెన్‌హైజర్ కంటే పైనా?

---

శ్రీకర్_రింక్

లేదండీ. వికెన్‌హైజర్‌కి నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు, అన్నేళ్ల నిలకడ ఉన్నాయి. ఆమెదే మొదటి స్థానం. కానీ యూరప్ వరకు చూస్తే ఫార్వర్డ్‌లలో రీక్కాని దాటిన పేరు నాకు తోచదు. కెనడాలో పుట్టి ఉంటే ఆమెకు మెడ నిండా స్వర్ణాలు ఉండేవి. ఫిన్లాండ్‌లో పుట్టింది కాబట్టి పక్కన అంతమంది మేటి ప్లేయర్లు లేకుండా, ఆ రెండు జట్లతో తలపడుతూ, వాళ్లందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టింది. నా లెక్కలో దాని బరువు ఎక్కువ.

డిఫెన్స్‌లో అయితే హీరికోస్కి పేరు ముందుకు వస్తుంది. 2019లో టోర్నీ ఎంవీపీ (అత్యుత్తమ క్రీడాకారిణి) ఆమే. సురేష్ గారూ, మీరు ఆ టోర్నీ దగ్గర నుంచి చూశారు కాబట్టి హీరికోస్కి మీద థ్రెడ్ మీరే మొదలుపెట్టండి. సెమీఫైనల్ సంగతులు కూడా రాయండి, ఫైనల్ గొడవలో అది ఎవరికీ గుర్తులేదు.

---

ఎస్పో_సురేష్

తప్పకుండా. ఈ వారాంతంలో పెడతాను, లింక్ ఇక్కడ ఇస్తాను.